గొట్టం కోసింది ఎవరు?

బల్ల మీద రెండు రివాల్వర్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండూ కోల్ట్ కంపెనీ 1873 మోడల్, సింగిల్ యాక్షన్ ఆర్మీ. రెండూ .45 కాలిబర్. రెండూ ఏడున్నర అంగుళాల గొట్టంతో అమెరికా అశ్వికదళానికి వెళ్లినవే. తర్వాత ఎవరో రెండింటి గొట్టాలనూ రెండంగుళాల మేర కోసేశారు. ఇప్పుడు రెండూ ఐదున్నర అంగుళాలే. ఒకదాన్ని సేకర్తలు వేల డాలర్లు పోసి కొని, గాజు పెట్టెలో దాచుకుంటారు. రెండోదాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, మాట్లాడకుండా కింద పెట్టేస్తారు.

మొదటిదాన్ని కోసింది అమెరికా సైన్యం. రెండోదాన్ని కోసింది, సైన్యం దాన్ని వదిలించుకున్నాక కొనుక్కున్న ఓ ఆసామి. అంత పొడుగు గొట్టం నడుముకు అడ్డం వస్తోందని హాక్సా పట్టాడు. ధరలో తేడా అంతా అక్కడే ఉంది.

నేనుండేది కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డ్‌లో. అమెరికాలో బీమా కంపెనీల ఊరంటే ఇదే. నా ఉద్యోగమూ అందులోనే. పాత వస్తువులకు, సేకరణలకు బీమా చేసే ముందు వాటి విలువ అంచనా కడతాను. గడియారాలు, వయొలిన్లు, పెయింటింగులు అన్నీ వస్తాయి. రివాల్వర్లు మాత్రం మిగతా ఊళ్లకన్నా ఇక్కడ ఎక్కువ, ఎందుకంటే శామ్యూల్ కోల్ట్ పుట్టి పెరిగి ఫ్యాక్టరీ కట్టిన ఊరు ఇది. హైవే 91 మీద వెళ్తుంటే ఆ ఫ్యాక్టరీ నీలి గుమ్మటం ఇప్పటికీ కనిపిస్తుంది. తుపాకీ పేల్చాలన్న కోరిక నాకు ఎప్పుడూ లేదు. నూటయాభై ఏళ్ల కిందట ఒక పనివాడు ఆకురాయితో రుద్దిన అంచు, ఒక తనిఖీ అధికారి కొట్టిన చిన్న అక్షరం ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉండటం చూస్తే మాత్రం మనసు నిండిపోతుంది. అవి చెరిగిపోయినప్పుడు నిజంగా బాధేస్తుంది.

ఆ సైన్యం కోత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1873 నుంచి రెండు దశాబ్దాల్లో అమెరికా సైన్యం ఈ మోడల్‌ను సుమారు 37,000 కొన్నది. ప్రతి తుపాకీనీ ప్రభుత్వ తనిఖీ అధికారి పరీక్షించి, భాగాల మీద తన గుర్తు కొట్టేవాడు. తొలి ఏళ్లలో ఆ పని ఆర్విల్ ఐన్స్‌వర్త్‌ది. ఆయన కొట్టిన చిన్న 'ఎ' అక్షరం కోసం సేకర్తలు భూతద్దాలు పట్టుకుని వెతుకుతారు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటా, షయాన్ యోధుల చేతిలో కస్టర్ నడిపిన అశ్వికదళ విభాగం నాశనమైనప్పుడు సైనికుల దగ్గరున్నవి ఐన్స్‌వర్త్ పరీక్షించిన తుపాకులే. 1892లో సైన్యం .38 రివాల్వర్‌కు మారింది. పాత .45లు గోదాములకు చేరాయి. 1890ల మధ్య నుంచి వాటిని మళ్లీ బయటికి తీసి, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలోనూ కోల్ట్ ఫ్యాక్టరీలోనూ విప్పి, శుభ్రం చేసి, గొట్టాలు ఐదున్నర అంగుళాలకు తగ్గించి, మళ్లీ బిగించారు. బిగించేటప్పుడు ఏ ముక్క ఏ తుపాకీదన్న పట్టింపు పెట్టుకోలేదు. ఒకదాని ఫ్రేమ్‌కు మరోదాని పిడి, ఇంకోదాని సిలిండర్. సేకర్తలు వీటిని ఆర్టిలరీ మోడల్ అంటారు. 1898లో థియొడోర్ రూజ్‌వెల్ట్ నడిపిన రఫ్ రైడర్ల దళం క్యూబాకు తీసుకెళ్లినవి ఇలాంటివే.

అందువల్ల ఈ రంగంలో అడుగుపెట్టినవాళ్లకు మొదట తికమకగా తోచే విషయం ఒకటుంది. పొడుగు గొట్టం ఉన్న అశ్వికదళ తుపాకీలో సీరియల్ నంబర్లు అన్నీ కలవాలి. కలవకపోతే ధర పడిపోతుంది. ఆర్టిలరీ మోడల్‌లో నంబర్లు కలవకపోవడం మామూలే, సైన్యమే ముక్కల్ని కలగాపులగం చేసింది కాబట్టి. ఒకచోట లోపమైనది ఇంకోచోట లక్షణం. మోసగాళ్లకు ఇది బాగా తెలుసు. ఐన్స్‌వర్త్ గుర్తున్న ఫ్రేమ్‌తో ఆర్టిలరీ మోడల్ దొరికితే దానికి ఏడున్నర అంగుళాల గొట్టం తగిలించి, కస్టర్ కాలం నాటిదని అమ్మజూపుతారు. ఆ మోసం పట్టుకోవడానికే జాన్ కోపెక్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఈ తుపాకుల నంబర్లు, ముద్రలు నమోదు చేశాడు. ఆయన ధ్రువపత్రం జతగా ఉన్న తుపాకీకి వేలంలో పలికే ధరే వేరు.

ఇంట్లో కోసిన కోతను గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు. కోల్ట్ వాళ్లు ఈ మోడల్ గొట్టం మీద హార్ట్‌ఫోర్డ్ చిరునామా అచ్చు కొడతారు. ఏడున్నర అంగుళాల గొట్టం మీద అది ఒక్క వరుసలో ఉంటుంది. ఫ్యాక్టరీలోనే నాలుగుముప్పావు అంగుళాలకు తయారైన గొట్టం మీద చోటు చాలక రెండు వరుసల్లో ఉంటుంది. కాబట్టి నాలుగుముప్పావు గొట్టం మీద చిరునామా ఒకే వరుసలో కనిపిస్తే అది తర్వాత కోసిందేనని అనుమానించాలి. గొట్టం చివర గురి చూసుకునే బొడిపె కూడా సాక్ష్యం చెబుతుంది. కోసినప్పుడు పాత బొడిపె పోతుంది కదా, కొత్తది అతికించాలి. ఆ అతుకు దగ్గర ఇత్తడి రంగు జాడ తరచుగా మిగులుతుంది.

ఇదే కథ స్మిత్ అండ్ వెసన్ వాళ్ల స్కోఫీల్డ్ రివాల్వర్‌ది కూడా. 1870ల్లో సైన్యం ఎనిమిది వేలకు పైగా కొని, తర్వాత మిగులు సరుకుగా అమ్మేసింది. వాటిలో కొన్నిటిని వెల్స్ ఫార్గో రవాణా కంపెనీ కొని, ఏడంగుళాల గొట్టాలను ఐదంగుళాలకు కోసి, తన పొడి అక్షరాలు ముద్రించి కాపలాదారులకు ఇచ్చింది. నిజమైన వెల్స్ ఫార్గో ముద్ర ఉంటే కోత విలువను పెంచుతుంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ దొంగ ముద్రలు ఎన్ని పుట్టాయంటే, నా బల్ల మీదికి వెల్స్ ఫార్గో తుపాకీ వస్తే అసలుదని రుజువయ్యేదాకా దాన్ని నకిలీగానే చూస్తాను.

ఫ్యాక్టరీ మనిషే చేసిన మార్పుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫిట్జ్ స్పెషల్. జాన్ హెన్రీ ఫిట్జెరాల్డ్ కోల్ట్ కంపెనీ ఉద్యోగి, గొప్ప గురికాడు. మామూలు డబుల్ యాక్షన్ కోల్ట్ తీసుకుని గొట్టం రెండంగుళాలకు కుదించేవాడు. జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తగులుకోకుండా హ్యామర్ కొమ్ము కోసేసేవాడు. వేలు త్వరగా అందేలా ట్రిగ్గర్ చుట్టూ ఉండే కాపు కమ్మీ ముందు భాగాన్నే తీసేసేవాడు. ఇంకెవరైనా చేసి ఉంటే తుపాకీ పాడుచేశాడనే అంటాం. ఫిట్జెరాల్డ్ చేతి పని అని కోల్ట్ రికార్డుల్లో ఉంటే అది సేకర్తల కలల తుపాకీ. చూసి ముచ్చటపడి ఎవరో వర్క్‌షాపులో అదే కోత కోయించుకున్న తుపాకులు ఇప్పటికీ వస్తుంటాయి. వాటి యజమానులకు నిజం చెప్పాల్సిన బాధ్యత నాదే అవుతుంది.

కోత కంటికి కనిపిస్తుంది. విలువను ఎక్కువగా తినేసే మార్పు మాత్రం చాలామందికి మార్పుగానే కనిపించదు. అది మెరుగు పెట్టడం.

పాత కోల్ట్ ఫ్రేమ్ మీద నీలం, బూడిద, గడ్డి రంగులు మేఘాల్లా కలిసిపోయి ఉంటాయి. ఉక్కు ముక్కల్ని ఎముకల బొగ్గు, తోలు బొగ్గు మధ్య పెట్టెలో కూర్చి కొలిమిలో ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో వేస్తే ఉపరితలం గట్టిపడుతూ ఆ రంగులు పుడతాయి. ఏ రెండు తుపాకుల మీదా ఒకేలా రావు. ఎండ తగిలితే, చేతులు రాసుకుంటే ఏళ్ల మీద అవి వెండి బూడిద రంగుకు దిగిపోతాయి. గొట్టం మీది నీలి పూత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఏ మూల రంగు మిగిలింది, ఎక్కడ అరిగింది అన్నదాన్ని బట్టి తుపాకీ ఒరలో గడిపిందా, పెట్టెలో నిద్రపోయిందా చెప్పొచ్చు. ఒరలో తిరిగినదానికి గొట్టం కొన దగ్గర, సిలిండర్ అంచుల మీద పూత పోతుంది, పిడి వెనక భాగం నున్నబడుతుంది. అలా కాకుండా అన్నిచోట్లా ఒకే తీరున మెరిసే నూటయాభై ఏళ్ల తుపాకీ కనబడితే నా చేయి ముందు స్క్రూల దగ్గరికి పోతుంది. మళ్లీ పూత వేయాలంటే ముందు పాతదాన్ని రాపిడి చక్రం మీద పెట్టి తీసెయ్యాలి. ఆ రాపిడికి ఫ్రేమ్ అంచులు మొద్దుబారతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం పడుతుంది, అక్షరాలు సగం లోతుకు పోతాయి. తుప్పు తిన్న గుంటలు కొత్త పూత అడుగున అలాగే ఉండిపోతాయి. అసలు పూత బాగా నిలిచిన కోల్ట్‌తో పోలిస్తే, అదే ఏడాదిది మళ్లీ పూత వేయించినది సగం ధర కూడా పలకని సందర్భాలు నేను చాలా చూశాను.

పండగకు ఇత్తడి బిందెల్ని చింతపండుతో తళతళలాడేలా తోముకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. మెరుపే గౌరవమని చేతులకు అలవాటు. అందుకే మనవాళ్లకు ఈ మాట చెప్పడం మరింత కష్టం.

టెక్సస్‌లో స్థిరపడిన తెలుగు డాక్టరుగారొకరు తన సేకరణకు బీమా కోసం నన్ను పిలిచారు. పెద్దాయన. సేకరణలో ఆయనకు ప్రాణమైనది వెబ్లీ మార్క్ 6 రివాల్వర్. చిన్నప్పుడు తాతగారి దగ్గర లైసెన్సు వెబ్లీ ఉండేదట. ఆ జ్ఞాపకం కోసమే ఇక్కడ ఒక గన్ షోలో కొన్నారు.

"చూడమ్మా, అద్దంలా ఉంది. నికెల్ పూత వేయించి ఉంచారు, నయాపైసా తుప్పు లేదు," అన్నారు.

సిలిండర్ వెనక వైపు చూసి, "డాక్టరుగారూ, దీని సిలిండర్ వెనక చెక్కేశారండీ," అన్నాను.

"చెక్కితే ఏమవుతుందమ్మా? తూటా పడుతోందిగా?"

పడుతోంది, కానీ దాని కోసం చేసినది కాదు. వెబ్లీ మార్క్ 6ను 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్, భారత సైన్యాల అధికారుల తుపాకీ అది. .455 తూటా దానిది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇవి మిగులు సరుకుగా అమెరికాలోకి కుప్పలుగా వచ్చాయి. .455 తూటాలు ఇక్కడ దొరకడం కష్టం, .45 ఆటోమేటిక్ తూటాలు వీధివీధినా దొరికేవి. అందుకని దిగుమతిదారులు సిలిండర్ వెనక కొంత మేర చెక్కి, అర్ధచంద్రాకారపు క్లిప్పులతో ఆ తూటాలు పట్టేలా చేశారు. ఆ తూటా ఒత్తిడి వెబ్లీ తట్టుకోవడానికి తయారైన ఒత్తిడి కన్నా ఎక్కువ. విలువ సంగతి అలా ఉంచి, పేల్చడమే ప్రమాదం. డాక్టరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "పేల్చడానికి కొనలేదమ్మా, తాతయ్య కోసం కొన్నాను. నువ్వు వేసే వెల ఎంతైనా వెయ్యి," అన్నారు. నేను వేశాను. చాలా తక్కువే వచ్చింది. ఆయన దాన్ని అమ్మలేదు, బీమా మాత్రం చేయించారు.

వెబ్లీ మార్క్ 6లు లక్షల్లో తయారయ్యాయి. ఏ లెక్కన చూసినా అరుదైన తుపాకీ కాదు. అయినా ఇక్కడికొచ్చినవాటిలో అన్నన్నిటిని చెక్కేయడం వల్ల, చెక్కని వెబ్లీ కోసం సేకర్తలు వెతుక్కోవాల్సి వస్తోంది, ధర కూడా ఎక్కువ పెడుతున్నారు. తయారైనప్పుడు లేని అరుదుతనం, మిగతావాటిని పాడుచేయడం వల్ల పుట్టింది. అందుకే ఎన్ని తయారయ్యాయని ఎవరైనా అడిగితే, ఎన్ని అసలు రూపంలో మిగిలాయని నేను తిరిగి అడుగుతాను.

అరుదుతనం గురించి మాట్లాడితే వాకర్ కోల్ట్ పేరు రాకుండా ఉండదు. శామ్యూల్ కోల్ట్ మొదటి కంపెనీ న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో 1842కల్లా దివాలా తీసింది. మెక్సికోతో యుద్ధం మొదలయ్యాక టెక్సస్ రేంజర్‌గా పేరుపడ్డ కెప్టెన్ శామ్యూల్ వాకర్, కోల్ట్‌తో కలిసి ఒక భారీ రివాల్వర్ రూపొందించాడు. ప్రభుత్వం 1,000 కావాలంది. కోల్ట్‌కు ఫ్యాక్టరీ కూడా లేదు. 1847లో ఎలీ విట్నీ జూనియర్ కర్మాగారంలో చేయించి ఇచ్చాడు, సొంత అమ్మకానికి మరో 100 చేయించుకున్నాడు. మొత్తం 1,100. ఒక్కోటి రెండు కిలోల బరువు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో 60 గ్రెయిన్ల తుపాకి మందు, అంటే నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, పట్టేది. ఆనాటి ఇనుము దానికి ఓర్చుకోలేక సిలిండర్లు పగిలిపోయేవి. యుద్ధంలో పోయినవి, పేలిపోయినవి, ఇంకో తుపాకీ సిలిండర్ తగిలించుకున్నవి తీసేస్తే మంచి స్థితిలో మిగిలినవి బహు కొద్ది. తన పేరు పెట్టుకున్న ఆ తుపాకీ చేతికందిన కొద్ది రోజులకే, 1847 అక్టోబర్‌లో, వాకర్ మెక్సికోలోని హువమాంట్లా దగ్గర చనిపోయాడు.

2008లో మెయిన్ రాష్ట్రంలో జరిగిన వేలంలో ఒక వాకర్ 9,20,000 డాలర్లు పలికింది. 2018లో రాక్ ఐలండ్ వేలంలో మరొకటి 18,40,000 డాలర్లు పలికింది. ఆ రెండోది సైన్యానికి వెళ్లలేదు. విడిగా అమ్మిన 100లో ఒకటి, ఒక డేనిష్ ఓడ కెప్టెన్ న్యూయార్క్‌లో కొన్నది. అసలు పెట్టె, అందులోని సామాను అన్నీ దానితోనే ఉన్నాయి. పౌరులకు అమ్మిన వాకర్లలో పెట్టెతో సహా మిగిలినట్టు తెలిసింది అదొక్కటే. 170 ఏళ్లు ఎవరూ దాన్ని సరిచేద్దామని చూడకపోవడానికి ఇచ్చిన ధర అది.

అరుదైనదల్లా విలువైనది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో, బెల్జియంలో చిన్న చిన్న కార్ఖానాలు ఎన్నో రకాల చవక రివాల్వర్లు చేశాయి. కొన్ని రకాలు ఇప్పుడు పదో పరకో కూడా దొరకవు. "ఇలాంటిది ఇంకొకటి చూపించండి" అని యజమానులు అడుగుతారు. చూపించలేను. అయినా వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు లేరు కాబట్టి కొన్ని వందల డాలర్లు దాటవు. వాకర్ వెనక ఒక యుద్ధం, ఒక కంపెనీ పునర్జన్మ ఉన్నాయి. అవి చదివి పెరిగినవాళ్లు కొనుగోలుదారులు.

కొత్త కాలం తుపాకులకు వచ్చేసరికి అన్ని మార్పులూ అంత కఠినంగా చూడనక్కర్లేదు. 1955 నుంచి 2005 వరకు కోల్ట్ చేసిన పైథాన్ .357 ఇప్పుడు సేకర్తలు బాగా ఎగబడే తుపాకీ. చాలామంది దాని వాల్‌నట్ చెక్క పిడి తీసి రబ్బరు పిడి వేసుకున్నారు. పాత పిడి డ్రాయర్‌లో ఉంటే నష్టం లేదు, మళ్లీ బిగించుకోవచ్చు. చెత్తలో పారేస్తే నష్టమే. నంబరు రాసిన అట్టపెట్టె, కాగితాలు ఉంటే ధర పెరుగుతుంది. గొట్టం మీద టెలిస్కోప్ కోసం రంధ్రాలు వేస్తే మాత్రం వెనక్కి తీసుకునే దారి లేదు. ఏ మార్పు గురించైనా నేను మొదట తేల్చుకునేది అదే, వెనక్కి తీసుకోగలమా లేదా అన్నది.

రెండోది కాగితం. కోల్ట్ పాత రికార్డు పుస్తకాల నుంచి, ఫీజు కడితే, ఒక ఉత్తరం వస్తుంది. ఫలానా నంబరు తుపాకీ ఫలానా తేదీన, ఇంత గొట్టంతో, ఈ పూతతో, ఈ వ్యాపారికి పంపామని అందులో ఉంటుంది. మీ చేతిలోని తుపాకీ నికెల్ పూతతో మెరుస్తూ, ఉత్తరంలో నీలి పూత అని ఉంటే ఇక వాదించడానికి ఏమీ లేదు. నగిషీ చెక్కిన తుపాకులకు ఈ ఉత్తరమే ప్రాణం. కోల్ట్ దగ్గర కూనో హెల్ఫ్రిక్ట్ లాంటి నగిషీకారులు ఉండేవారు. వాళ్ల కాలంలో ఫ్యాక్టరీలో చెక్కినదానికి, గత ఏడాది ఎవరో చెక్కించినదానికి ధరలో పోలికే లేదు. కొత్త పని ఎంత అందంగా ఉన్నా సరే.

తర్వాతి కాలంలో అమెరికా సైన్యంలో జనరల్ అయిన ప్యాటన్ 1916లో ఎల్ పాసోలో కొన్న కోల్ట్ దంతపు పిడి మీద రెండు గాట్లు ఉన్నాయి, మెక్సికోలో ఒక కాల్పుల తర్వాత ఆయనే పెట్టుకున్నవి. ఇప్పుడది మ్యూజియంలో ఉంది. ఆ గాట్లు పూడ్చాలని ఎవరూ అనరు. అవే గాట్లు పేరులేని మనిషి పిడి మీద పెడితే నేను వాటిని నష్టం కింద రాస్తాను. చదివేవాళ్లకు ఇది అన్యాయంగా తోచవచ్చు. నాకూ తోచేది. కానీ ప్యాటన్ గాట్లకు సాక్ష్యం ఉంది, రెండోదానికి చెప్పుకునే కథ మాత్రమే ఉంది.

మన దేశంలో ఇలాంటి సేకరణ బజారు ఏర్పడే వీలు తక్కువ. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరు రెండుకు మించి ఉంచుకోవడానికి లేదు. అయినా ఆంధ్ర, తెలంగాణల్లో పాత కుటుంబాల దగ్గర తాతల నాటి వెబ్లీలు ఇంకా లైసెన్సు మీద ఉన్నాయి, ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి వస్తుంటాయి. అవి అమెరికా దిగుమతిదారుల రాపిడి చక్రం కిందికి వెళ్లలేదు. ఆ ఇళ్లవాళ్లు నన్ను అడిగితే నికెల్ పూత జోలికి వెళ్లొద్దంటాను. తాతగారి పాత లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు ఉంటే వాటిని తుపాకీ కన్నా జాగ్రత్తగా దాచమంటాను.

కాగితం ఎంత పని చేస్తుందో 2021 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో బోన్‌హామ్స్ వేలం చూపించింది. 1881 జూలై 14న షెరిఫ్ ప్యాట్ గారెట్ న్యూమెక్సికోలో బందిపోటు బిల్లీ ద కిడ్‌ను కాల్చి చంపిన కోల్ట్ అక్కడ వేలానికి వచ్చింది. సింగిల్ యాక్షన్, .44-40, ఏడున్నర అంగుళాల గొట్టం. అంతకు ముందు డిసెంబర్‌లో బిల్లీ ముఠాలోని బిల్లీ విల్సన్‌ను పట్టుకున్నప్పుడు గారెట్‌కు దక్కింది. పూత చాలావరకు పోయి, లోహం ముదురు రంగుకు తిరిగి ఉంది. అలాంటి స్థితిలో పేరు లేని కోల్ట్ అయితే కొన్ని వేల డాలర్లతో ఆగిపోయేది. గారెట్ దాన్ని ఎల్ పాసోలో ఒక మద్యశాల యజమానికి ఇచ్చాడు, అతను అక్కడే ప్రదర్శనకు పెట్టుకున్నాడు. ఇద్దరూ పోయాక, అది ఎరువిచ్చిందే కానీ ఇచ్చేసింది కాదని గారెట్ భార్య అపొలినారియా 1930ల్లో కోర్టుకెక్కి గెలిచింది. ఆ దావా కాగితాల వల్ల తుపాకీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో న్యాయస్థానమే నమోదు చేసినట్టయింది. ఆ తర్వాత కొన్నవాళ్లెవరూ దానికి మెరుగు పెట్టించలేదు. వేలం సంస్థ 20 నుంచి 30 లక్షల డాలర్లు వస్తుందని అంచనా వేసింది. 60,30,313 డాలర్లకు అమ్ముడైంది.